మూడు ఎలకలు, నలభై ఏడు తేడాలు

పదిహేను రోజుల్లోగా పిన్నింటి గౌరీశ్వరరావు చేయవలసిన పనులు ఇవి:

ఒకటి, సంస్థ ఆధీనంలోని మూడు పార్కుల్లో ఉన్న మూడు వైల్డ్ మౌస్ బండ్లనూ స్వయంగా ఎక్కాలి, దిగాలి.

రెండు, ఒక్కొక్క దాని ఎత్తు, పొడవు, మలుపులు, పల్లాలు, చక్రాలు, బ్రేకులు కొలిచి రాయాలి.

మూడు, ప్రయాణికులు ఎక్కడెక్కడ అరుస్తున్నారో, ఎన్నిసార్లు అరుస్తున్నారో లెక్కపెట్టాలి.

నాలుగు, మూడింటికీ మధ్య ఉన్న తేడాలన్నిటినీ పన్నెండు గడుల పట్టికలో నింపాలి. ఏ గడీ ఖాళీగా ఉండరాదు.

అయిదు, బీచ్ పార్కులో ఇరవై రెండేళ్లుగా రోజుకూలీ మీద చేతి బ్రేకు లాగుతున్న మైలపల్లి నూకరత్నం అనే ఆవిణ్ణి పర్మినెంటు చేయాలా, పనిలోంచి తీసేయాలా అన్న ఫైలు ఈ పట్టిక కోసం ఆగి ఉన్నది గనుక పట్టికను జాప్యం లేకుండా సమర్పించాలి.

ఆరు, ఇవన్నీ రోజువారీ విధులకు భంగం కలగకుండా చేయాలి.

ఉత్తర్వును గౌరీశ్వరరావు మూడుసార్లు చదివాడు. మూడోసారి లేచి నిలబడి మరీ చదివాడు. టెక్నికల్ అసిస్టెంటు ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అవుతోంది గాని, తన పేరు మీద ఇంత పొడుగు ఉత్తర్వు రావడం ఇదే మొదలు. పిన్నింటివారి ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు కూడా అతనే. తండ్రి జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, సంతకం రాదు, వేలిముద్రే. కొడుక్కి ఉద్యోగం వచ్చిన రోజున ఆయన ఒకే ఒక్క మాట చెప్పాడు. "కాయితం మీద ఖాళీ ఒగ్గీకురా. నువ్వొగ్గేసిన కాడ ఇంకొకడు రాసుకుంటాడు." గౌరీశ్వరరావు ఆ మాటను మనసులో పెట్టుకుని ఇంతవరకు ఏ కాగితం మీదా ఒక్క గడి వదిలిపెట్టలేదు. అతని వల్ల జరిగిన నష్టమంతా ఈ మంచి అలవాటు వల్లే జరిగింది.

వైల్డ్ మౌస్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఆఫీసు కాగితాల్లో దాన్ని వన్య మూషిక శకటమంటారు. ఊళ్లో జనం ఎలక బండి అంటారు. రైలులా పొడుగ్గా ఉండదు. చిన్న చిన్న బండ్లు, దేనికదే విడిగా, ఇనప పట్టాల మీద పైకెక్కి, అక్కడ చదునుగా ఉన్న దారిలో గిరుక్కు గిరుక్కున మలుపులు తిరుగుతాయి. చక్రాలు బాగా వెనక్కి ఉంటాయి గనుక మలుపు దగ్గర బండి ముక్కు పట్టాలు దాటి గాల్లోకి వచ్చేస్తుంది. కూర్చున్నవాడు ఇక పోయాననుకుంటాడు. అప్పుడు తిరుగుతుంది. జనం టిక్కెట్టు కొనేది ఆ ఒక్క క్షణం కోసమే.

ఇంతకీ ఉత్తర్వు ఎలా పుట్టిందంటే, ఒక పెద్దమనిషి వేసవి సెలవుల్లో కుటుంబంతో మూడు పార్కులూ తిరిగి, మూడు ఎలక బండ్లూ ఎక్కి, ఇంటికి చేరాక నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు. "మూడింటికీ పేరు ఒకటే, టిక్కెట్టు ఒకటే. కాని బీచ్ పార్కులో నేను పడిన భయం వేరు, సరస్సు పార్కులో పడిన భయం వేరు. కొండ పార్కులోనైతే బండి తన చుట్టూ తానే తిరిగిపోయి, భయపడడానికి కూడా నాకు వ్యవధి ఇవ్వలేదు. ఒకే సంస్థ పౌరులను ఇలా వేర్వేరుగా భయపెట్టడం ఏ నిబంధన ప్రకారం?"

మామూలుగా ఇలాంటివాటికి సంస్థ జవాబివ్వదు. ఆయన మంత్రిగారి పేషీకి కూడా ఒక కాపీ పంపాడు. పేషీ నుంచి "పరిశీలించి చర్య తీసుకోగలరు" అని వచ్చింది. డిప్యూటీ డైరెక్టరు చతుర్వేదుల సుందరగోపాలం గారు పరిశీలన సంగతి తరువాత చూద్దామని ముందుగా చర్య తీసుకున్నారు. దానికి ఏకరూప భయ విధానమని పేరు పెట్టారు.

"చూడవయ్యా గౌరీశ్వరరావూ," అన్నారాయన, గదిలోకి పిలిపించి. "ప్రజాస్వామ్యంలో భయం కూడా సమానంగా పంపిణీ కావాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుదరదు. సూత్రం చాలా సులువు. తేడా ఉన్నచోట ఏది తక్కువైతే అదే మూడింటికీ వర్తిస్తుంది."

"ఎక్కువది ఎందుకు కాకూడదండీ?"

"ఎక్కువ చేస్తే ఎందుకు చేశావని అడుగుతారు. తక్కువ చేస్తే ఎవరూ అడగరు. నా ముప్ఫయ్యేళ్ల సర్వీసులో తక్కువ చేసినందుకు ఒక్క మెమో రాలేదు."

గౌరీశ్వరరావు ఆ మాటను కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే టేపు, దారం, స్టాపువాచీ పట్టుకుని బీచ్ పార్కుకు వెళ్లాడు. ఆ ఎలక పాతది. ఒకప్పుడు ఊరూరా తిరిగిన ఎగ్జిబిషను కంపెనీ అప్పుల్లో మునిగి వదిలేసి పోతే సంస్థ కొనుక్కుంది. బండికి ఇద్దరే, ఒకరి వెనక ఒకరు. పైన ముందు మలుపులన్నీ, ఆ తరవాత పల్లాలు. దానికి కంప్యూటరు లేదు. కింద ఒక ఇనప లీవరుంది. అది లాగితే పట్టాల మధ్య పొడవాటి చెక్క పైకి లేచి బండి పొట్టను రాసుకుంటుంది. అదే బ్రేకు. లీవరు పక్కన చీర కుచ్చిళ్లు దోపుకుని, చెవులకు గుడ్డ చుట్టుకుని నిలబడే మనిషే నూకరత్నం.

"పిన్నీ, ఎంత లాగాలో మీకెలా తెలుస్తుంది?"

"ఎక్కినప్పుడు సూస్తాను బాబూ. సన్నటోళ్లయితే ఇసుమంత. లావుటోళ్లయితే నిండా. ఒకడు లావు, ఒకర్తి సన్నం అయితే మద్దిన."

"గాలి?"

"సముద్రం కాడి గాలి ఎదురొస్తే బండి మెల్లగొస్తాది. అప్పుడు ఒగ్గేస్తాను. మజ్జాన్నం పట్టాలు కాలిపోయి గ్రీజు కారిపోతాది, అప్పుడు జోరు. వానాకాలం చెక్క నానిపోతాది, పట్టదు. ముందుగాల లాగాల."

"ముందు బండి దిగిందో లేదో ఇక్కణ్ణించి కనబడదు కదా."

"ఇనబడతాది గదా. కింద మలుపు కాడ చక్రాలు ఒకలాగ కీసుమంటాయి. ఆ కీసు ఇనబడ్డాకే పై బండిని ఒగ్గుతాను. ఎక్కుతావేటి? కొలతలట్టుకుని నిలబడితే ఏటి తెలుస్తాది?"

ఎక్కాడు. రెండో మలుపు దగ్గర ముక్కు గాల్లోకి వచ్చి కింద సముద్రం మాత్రమే కనబడినప్పుడు స్టాపువాచీ చేతిలోంచి జారి ఒళ్లో పడింది. దిగాక చూసుకుంటే నోటుబుక్కులో "అరుపులు: 11" అని ఉంది. అందులో తొమ్మిది తనవేనన్న సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, నిజం గనుక రాశాడు.

"పద్దినాలైంది బాబూ, నా పెర్మినెంటు కాయితం కదలక," అంది నూకరత్నం, అతను నీళ్లు తాగుతుంటే. "పద్దినాలు కాదులే, పదేళ్లు. నీ పట్టీతో కదులుతాదంటన్నారు."

"కదుల్తుంది పిన్నీ. ఒక్కటి కూడా వదలకుండా రాస్తాను."

అన్నమాట ప్రకారమే రాశాడు.

సరస్సు పార్కు ఎలక కొత్తది. బండికి నలుగురు, పక్కపక్కన ఇద్దరిద్దరు. ముందే పల్లాలు, చివర మలుపులు. ప్రతి మలుపుకూ ముందు కంప్యూటరు బ్రేకు వేస్తుంది. ఎక్కినవాడు లావా సన్నమా అన్నది దానికి పట్టదు, ఎవరినైనా ఒకే వేగానికి తెచ్చి మరీ తిప్పుతుంది. అరుపులు ఏడు. కొండ పార్కు ఎలక మలుపులు తిరుగుతూ తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. అక్కడ అరుపుల గడిలో గౌరీశ్వరరావు "నమోదు చేయువాడు వాంతి చేసుకొనుచున్నందున లెక్కించుట సాధ్యపడలేదు" అని రాశాడు. మలుపు దగ్గర ముక్కు ఎంత బయటికొస్తుందో కూడా కొలిచాడు. బీచ్‌లో రెండున్నర అడుగులు, సరస్సులో అడుగున్నర. కొండ ఎలక తిరుగుతూ ఉంటుంది గనుక దానికి ముక్కెక్కడో తేలలేదు. ఖాళీ వదలకూడదు గనుక సున్నా వేశాడు.

మొత్తం నలభై ఏడు తేడాలు తేలాయి. పట్టికను డిప్యూటీ డైరెక్టరు గారు అటూ ఇటూ తిప్పి చూసి, తొమ్మిదో గడి మీద వేలు పెట్టారు.

"ఇది ఖాళీగా ఉందేం?"

గౌరీశ్వరరావు తన సర్వీసులో వదిలిన ఒకే ఒక్క ఖాళీ అది. "అయ్యా, అది 'తేడాకు బాధ్యులైన ఉద్యోగి పేరు' అండి. దీనికి ఉద్యోగులెవరూ బాధ్యులు కారండి. మూడూ మూడు కంపెనీలు చేసినవండి."

"కంపెనీ మన ఉద్యోగా?"

"కాదండి."

"మరి రాయకు. గడిలో ఏమని ఉంది? ఉద్యోగి అని ఉంది. ఉద్యోగినే రాయి."

"వర్తించదు అని రాయమంటారా?"

"వర్తించని గడి ప్రభుత్వం వేయదయ్యా."

బయటికొచ్చాక హెడ్‌క్లర్కు జగ్గారావు జాలిపడ్డాడు. మీసాలు నెరిసినా చురుకు తగ్గని మనిషి. "సరస్సు ఎలక్కి కంప్యూటరని రాసీండి బాబూ, గొడవొదిలిపోద్ది," అన్నాడు. గౌరీశ్వరరావు రాశాడు. కంప్యూటరుకు సర్వీసు రిజిస్టరు నంబరు లేదని పట్టిక తిరిగొచ్చింది. కొండ పార్కులో పనిచేసేవాళ్లంతా కాంట్రాక్టరు మనుషులు. సంస్థ హాజరుపట్టీలో పేరున్న మనిషి, మూడు ఎలకలకూ కలిపి, ఒక్కర్తే.

మొదట చేతి బ్రేకు ఎదురుగా ఆవిడ పేరు రాశాడు. అది న్యాయమే అనిపించింది. బండి వేగం ఎదురుగా రాశాడు. అదీ బ్రేకు వల్లే గదా. ఇరవయ్యో తేడా దాటాక చెయ్యి అలవాటు పడిపోయింది. ముప్ఫై ఎనిమిదో తేడా, సముద్రపు గాలి. దానికీ నూకరత్నమే. ఇన్నిసార్లు పేరు కనబడితే పైవాళ్లకు ఆవిడ విలువ తెలుస్తుందని కూడా అతనికి తోచింది. అలాంటివి తోచకుండా చూసే పేపరేదీ డిగ్రీలో లేదు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. "నలభై ఏడు వ్యత్యాసములకు ఏకైక బాధ్యురాలైన శ్రీమతి మైలపల్లి నూకరత్నంపై తగు చర్య ఎందుకు తీసుకొనరాదో పది దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." ముసాయిదా రాసింది గౌరీశ్వరరావే, ఎందుకంటే సెక్షను అతనిది. ఆవిడకు ఇవ్వవలసిందీ అతనే. ఆవిడకు చదువు రాదు గనుక చదివి వినిపించవలసిందీ, జవాబు రాసి పెట్టవలసిందీ అతనే. ఆ జవాబు బాగుందో లేదో నోటు పెట్టవలసిందీ అతనే.

లీవరు పక్కన బల్ల మీద కూర్చుని, మెమోను దాని వెనక గుచ్చిన నలభై ఏడు తేడాల జాబితాతో సహా చదివి వినిపించాడు.

"గాలికి కూడా నానేనా?" అంది నూకరత్నం.

"తొమ్మిదో గడి ఖాళీగా ఉండకూడదన్నారు పిన్నీ."

"మరి సముద్రానికి మెమో ఇవ్వలేదేటి?"

"దానికి ఉద్యోగం లేదు కదా."

"నాకు మాత్రం ఉన్నాదేటి." కాసేపు లీవరు తుడిచింది. "సరే, రాయి. బండిలోన మనుసులు ఒక్కలాగుండరు. అందుకే నా సెయ్యి ఒక్కలాగుండదు. అంతే. ఇంకేటీ నేదు."

ఆ మాట అలాగే రాసేస్తే ఆఫీసులో చులకనైపోతుందని గౌరీశ్వరరావు భయపడ్డాడు. డిగ్రీ చదివిన మనిషి పక్కనుండి కూడా ఆవిడ సంజాయిషీ బోసిగా పోతే తనకే అవమానమనిపించింది. చాలా కష్టపడి ఇలా రాశాడు: "ప్రయాణికుల దేహభారములందు గల వ్యత్యాసము రీత్యా బ్రేకు ప్రయోగమునందు వ్యత్యాసము అనివార్యమని సవినయముగా విన్నవించుకొనుచున్నాను."

చదివి వినిపించాడు.

"నానేనా అలగన్నాది?"

"మీరే పిన్నీ."

"ఎంత సదువుకున్నానో నాకే తెలీదు," అని వేలిముద్ర వేసింది.

డిప్యూటీ డైరెక్టరు గారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీశారు. "చూశావా, వ్యత్యాసము అనివార్యమని తానే ఒప్పుకుంది. సంజాయిషీలో నేరాంగీకారం. ఎంత స్పష్టంగా రాసింది. చదువు రాదంటావేం?"

గౌరీశ్వరరావు ఆ సంజాయిషీని ఫైలులో గుచ్చాడు.

అయినా సుందరగోపాలం గారు అన్యాయం చేసే మనిషి కాదు. ఆవిడకు ఇంకొక అవకాశం ఇద్దామన్నారు. లీవరు పక్కన రేకు మీద సరిగ్గా మధ్యలో ఎర్ర రంగుతో గీత గీయించారు. ఇకమీదట ఎవరెక్కినా లీవరు ఆ గీత వరకే లాగాలి, తక్కువ కాదు, ఎక్కువ కాదు. ఒక ఉదయం పరీక్ష పెట్టి స్వయంగా వచ్చారు.

మొదటి బండిలో ఇద్దరు సన్నపాటి కాలేజీ ఆడపిల్లలు ఎక్కారు. నూకరత్నం వాళ్లను చూసి, గీతను చూసి, డిప్యూటీ డైరెక్టరు గారిని చూసి, గీత వరకూ లాగింది. బండి అరుగు చేరకుండా పైన బ్రేకు చెక్క మీదే ఆగిపోయింది. పావుగంటసేపు ఆ పిల్లలిద్దరూ సముద్రాన్ని చూస్తూ వేరుశనక్కాయలు తిన్నారు. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని ఎక్కి తోస్తే, అది మెల్లగా కిందికి రావడం మొదలుపెట్టింది.

"ప్రమాదం జరిగిందా? లేదు. విజయవంతం," అన్నారు సుందరగోపాలం గారు. "రెండో బండిలో నేనెక్కుతాను. గౌరీశ్వరరావు వెనకాల కూర్చుంటాడు, సాక్షి."

సుందరగోపాలం గారు నిండైన విగ్రహం. ఆయన ఎక్కినప్పుడు బండి చక్రాల దగ్గర ఒక మూలుగు వినిపించింది.

"సారూ," అంది నూకరత్నం, "తమరి బండికి గీత సాలదండి."

"నిబంధనకు బరువు లేదమ్మా. గీత వరకే."

బండి పైకెక్కింది. మొదటి మలుపు. ముక్కు గాల్లోకి వచ్చింది. ముందు కూర్చున్న సుందరగోపాలం గారి మెడ వెనక చెమట బొట్లు గౌరీశ్వరరావుకు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. రెండో మలుపు, మూడోది. ఎప్పుడూ లేని జోరు. తను రాసిన నలభై ఏడు తేడాల్లో బరువూ వేగమూ ఒకదాని పక్కన ఒకటి ఉన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ తరవాత పల్లం.  కింద, బండి దిగే అరుగు దగ్గర, ఆడపిల్లల బండి ఇంకా కదల్లేదు. ఒకమ్మాయి చున్నీ సీటుకు చిక్కుకుని లాక్కుంటోంది.

గౌరీశ్వరరావుకు నూకరత్నం కనబడింది. లీవరు సరిగ్గా గీత మీద ఉంది. ఆవిడ అరుగు వైపు ఒకసారి చూసింది. చెప్పు విడిచి, కాలు స్తంభానికి అదిమిపెట్టి, రెండు చేతులతో లీవరును చివరిదాకా లాగేసింది. చెక్క కాలిన వాసన గుప్పుమంది. బండి ఆడపిల్లల బండికి జానెడు దూరంలో ఆగింది.

సుందరగోపాలం గారు మెల్లగా దిగారు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. జానెడు సందును ఆయన చూడలేదు. తిన్నగా వెళ్లి రేకును చూశారు.

"గీత దాటింది. నోటు చేసుకో."

పరీక్ష నివేదికకు కూడా ఒక నమూనా ఉంది. అందులో ఒక్కటే ప్రశ్న: "లీవరు గీత దాటినదా? అవును / కాదు. అక్కరలేనిది కొట్టివేయుము." గౌరీశ్వరరావు ఆ కాగితం ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు.

"అవును కొట్టీండి బాబూ," అన్నాడు జగ్గారావు గొంతు తగ్గించి. "సాక్షి మీరొక్కరే. బండి ఆగీదాకా ఆ మారాజు కళ్లు మూసుకున్నాడు, సూసింది దిగినాకే గదా."

"నేను చూశానండి."

"సూసినోళ్లందరూ రాస్తారేటి?"

"దాటిన మాట నిజమే కదండీ. అందుకే కదా మేం బతికాం. అది వేరే కాగితం మీద వివరంగా రాస్తాను."

జగ్గారావు వెళ్లి టీ తెచ్చిపెట్టాడు.

గౌరీశ్వరరావు "కాదు"ను స్కేలు పెట్టి తిన్నగా కొట్టేశాడు. ఎందుకు దాటవలసి వచ్చిందో ఆరు పేజీలు రాసి గుచ్చాడు. ఒక పటం కూడా గీశాడు. నివేదికను ఆమోదించారు. ఆరు పేజీలూ విప్పి, "అనుబంధము కోరబడలేదు" అని చీటీ అంటించి వెనక్కి పంపారు. నూకరత్నం పేరు హాజరుపట్టీలోంచి తీసేశారు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు ఏం అనాలో నాలుగు వాక్యాలు అనుకుని వెళ్లాడు. అవి మొదలుపెట్టకముందే ఆవిడే ఎత్తుకుంది.

"జగ్గారావు సెప్పినాడులే. దాటినమాట నిజమే గదా, నువ్వేటి సేస్తావు."

"కాదని రాసుంటే సరిపోయేది పిన్నీ."

"సరిపోను." ఆవిడ అబద్ధం ఆడలేదు. "రాయకపోనావు. పోనీ. ఇరవై రెండేళ్లు నిలబడ్డాను, కాళ్లు కూడా వొద్దంటన్నాయి." అని, లీవరు వైపు చూసి అడిగింది, "రేపట్నించి ఈడ ఎవులుంటారు?"

అది చెప్పడం ఇంకా కష్టమైంది. తేడాలన్నీ క్షుణ్ణంగా తెలిసిన ఏకైక అధికారి గనుక, తదుపరి ఉత్తర్వుల వరకు బ్రేకు బాధ్యత గౌరీశ్వరరావుకే అప్పగించారు.

నూకరత్నం నవ్వలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. కొంగు దులుపుకుని లేచి, "రా, ఇలగ నిలబడు," అంది. ఎండ తిరిగేదాకా నేర్పింది. అతను పదకొండు పేజీలు రాసుకున్నాడు. "రాయకు బాబూ, ఇను," అని ఆవిడ మూడుసార్లు అంది. ఆ మాట కూడా రాసుకున్నాడు.

అదృష్టం కొద్దీ మొదటి రోజు మనుషుల్ని ఎక్కించవద్దని అతనే పట్టుబట్టాడు. రెండు బండ్లలో ఇసక మూటలు వేయించాడు. ముందొకటి, వెనకొకటి. ముందు బండి కింద మలుపు దగ్గర కీసుమంటుందన్నారు గదా, విన్నాడు. కీసుమంది. అది ముందు బండి కీసో, రెండో బండి కీసో, పట్టాల మీద కాకి కీసో పోల్చుకోలేకపోయాడు. ఏడో పేజీ తిరగేశాడు. అక్కడ "గాలిని బట్టి" అని ఉంది. గాలి ఎటుందో చూసుకుని తలెత్తేసరికి బండి వచ్చేసింది. రెండు చేతులా లాగాడు. నలభై ఏడు తేడాలు తెలిసిన చేతులవి. రెండు బండ్లూ గుద్దుకుని, మూటలన్నీ పగిలి అరుగంతా ఇసక పోసుకుంది. విరిగిన బండి ముక్క ఒకటి గడియారం స్తంభానికి తగిలి, ఆ గడియారం ఇప్పటికీ పదిన్నర దగ్గరే ఉంది.

మనుషులెవరూ లేరు గనుక ఎవరికీ ఏమీ కాలేదు. గౌరీశ్వరరావు ఆ ఇసకలో కూర్చుని, మూటల స్థానంలో ఇద్దరు ఆడపిల్లల్ని ఊహించుకుని, పదకొండు పేజీలూ చింపేశాడు. సాయంత్రం ఎవరూ అడక్కుండానే తన మీద తానే మెమో ముసాయిదా రాసుకుని పెట్టాడు. అలా రాసుకునే నమూనా లేదని అది తిరిగొచ్చింది.

దాంతో డిప్యూటీ డైరెక్టరు గారు వేసిన కమిటీ ఒకటి కూర్చుని, ఏది తక్కువైతే అదే అన్న ఆయన సూత్రాన్ని పూర్తిగా అమలు చేసింది. బండికి ఎందరు? తక్కువ ఇద్దరు, ఇద్దరే. తిరగడం? రెండు ఎలకలు తిరగవు, మూడోదీ తిరగదు. ముక్కు ఎంత బయటికి రావాలి? కొండ పార్కు సున్నా, అందరికీ సున్నా. ఆ సున్నా తను వేసిందేనని గౌరీశ్వరరావు లేచి చెప్పబోతే, గణాంకాలు ఆమోదం పొందాయి కూర్చోమన్నారు. మలుపులు ముందా, పల్లాలు ముందా? ఇందులో ఏది తక్కువో తేలలేదు. తేలేవరకు రెండూ నిలుపుదల. ఇక మిగిలింది పైకెక్కడం. పైకెక్కితే కిందికి రావాలి, వస్తే బ్రేకు కావాలి, బ్రేకు మనిషి లేదు. కాబట్టి అదీ నిలుపుదల.

ఇప్పుడు మూడు పార్కుల్లోనూ ఎలక బండి అరుగు దగ్గరే ఉంటుంది. ఇద్దరు ఎక్కుతారు. ఒళ్లో కడ్డీ దింపుతారు. నిమిషం యాభై సెకన్లు కూర్చుంటారు. కడ్డీ ఎత్తుతారు. దిగుతారు. మొదట ఫిర్యాదు చేసిన పెద్దమనిషిని సాదరంగా పిలిచి మూడు చోట్లా కూర్చోబెట్టారు. "ఎక్కడా ఎటువంటి తేడా కనబడలేదు" అని ఆయన రాసిచ్చిన ఉత్తరాన్ని పటం కట్టించారు. ఏడాదంతా ఒక్క ప్రమాదమైనా లేనందుకు సంస్థకు బహుమతి వచ్చింది. గౌరీశ్వరరావుకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని తండ్రికి చూపిస్తే ఆయన వేళ్లతో తడిమి, "ఏటి సేసినావురా?" అని అడిగాడు. 

నూకరత్నం ఇప్పుడు చేపల హార్బరులో ఐసు కొడుతోంది. అతను వెళ్లినప్పుడు, "బండి బాగుందా?" అని అడిగింది. కదలడం లేదన్నాడు. ఆవిడ సుత్తి ఆపి, "పట్టాలకి గ్రీజు మాత్రం పెట్టించు బాబూ, తుప్పట్టిపోతాది," అంది. మళ్లీ ఐసు కొట్టుకుంది.

ఆ తరవాత అతను ఒక పని మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ల రిజిస్టర్లన్నీ దింపించి వెతికాడు. ప్రమాదం జరిగితే రాసే రిజిస్టరు ఉంది. పొరపాటు చేసినవాళ్లను రాసే రిజిస్టరు ఉంది. గుద్దుకోబోయే బండిని జానెడు దూరంలో ఆపినవాళ్ల పేరు రాసే రిజిస్టరు మాత్రం సంస్థలో ఏదీ లేదు. కొత్తది తెరవడానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టాడు. నాలుగో ఏడు నడుస్తోంది, ఇంకా రాలేదు.

అందుకని చదివేవాళ్లకు ఒక మనవి. ఏ ఎగ్జిబిషన్‌లోనో, ఏ తీర్థంలోనో తిరిగే బండి ఒకటెక్కి, అరిచి, క్షేమంగా దిగి, చెప్పులు వెతుక్కునేటప్పుడు, లీవరు దగ్గర నిలబడ్డ మనిషిని ఒకసారి చూడండి. చూసినప్పుడు మైలపల్లి నూకరత్నాన్ని తలుచుకోండి. రాసిపెట్టుకోనక్కర్లేదు, తలుచుకుంటే చాలు.